ఏడో పెట్టె మీద ప్లాస్టరు

అదిగో, మళ్లీ అదే పాట! "మా కంపెనీ వైరు తప్ప ఇంకోటి వాడకూడదు మామయ్యగారూ" అని. వాడకూడదని నాకు తెలీదా అల్లుడుగారూ? ఈ ఆసుపత్రిలో మిషన్లు బాగుచెయ్యడం మొదలుపెట్టి ముప్పై ఒక్కేళ్లయింది. అప్పటికి మీరింకా పలక పట్టలేదు. మీ వైరంటూ ఉంటే కదా వాడేది! ఉంటే నాకీ ఖర్మ... సరే, వదిలెయ్యండి.

ముందు కూర్చోండి. అలా అద్దానికి ముక్కు ఆనించి నిలబడితే లోపల సిస్టర్‌కి ఒళ్లు మండుతుంది. మీరు చూస్తూ నిలబడితే పాప బరువేమన్నా పెరుగుతుందా? కిలోన్నర కూడా లేదు. పుట్టి రెండు రోజులే కదా అయింది. తొందరపడితే ఎలా?

బ్యాగు కింద పెట్టకండి, ఇప్పుడే తడిగుడ్డ పెట్టి తుడిచారు. ఇలా బల్ల మీద, నా పక్కన పెట్టండి. ఊఁ. అక్కడ.

పాప బాగుంది. ఇందాకే లోపలికెళ్లి చూసొచ్చాను. గోడ వైపు నుంచి మూడో పెట్టె, అదే, మూడో ఇంక్యుబేటరు. ఒళ్లు ఎలా ఉండాలో అలా ఉంది, ఇప్పుడు.

"ఇప్పుడు" అని నొక్కడం ఏంటంటారా? నొక్కలేదండీ. మాట అలా వచ్చింది.

మా అమ్మాయి పైన బాలింతల వార్డులో నిద్రపోతోంది. దానికి ఇవేవీ చెప్పకండి. ఇవేవీ అంటే... చెప్తాను. అన్నీ వరసగా చెప్తాను. గోడగడియారం చూశారా? పన్నెండూ పది. నాకు ఒక వైరు కావాలి. రేపు కాదు, సాయంత్రం కాదు. ఇప్పుడు.

ఫోను తియ్యకండి. ఫోను చేస్తే మీ ఆఫీసులో ఆ అమ్మాయి ఏమంటుందో నాకు కంఠతా వచ్చు. "మీ విన్నపం నమోదైంది, ఆరు వారాల్లో అందుతుంది." పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండుసార్లూ నమోదైంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లతో "ఆరు వారాలు ఓపిక పట్టమ్మా, వైరు దారిలో ఉంది" అని ఎవరు చెప్తారు? మీరు చెప్తారా?

అసలా వైరంటే ఏంటి? మూడు మూరల పొడుగు. ఒక చివర పాప పొట్ట మీద అంటించే బిళ్ల, ఇంకో చివర పెట్టెకి గుచ్చే ప్లగ్గు. "ఒళ్లు ఇంత వెచ్చగా ఉంది" అని అది పెట్టెకి చెప్తుంది. పెట్టె విని, చల్లగా ఉందంటే వేడి పెంచుతుంది, వేడిగా ఉందంటే తగ్గిస్తుంది. అంతకన్నా ఏం లేదు అందులో. పెట్టెకి కళ్లూ చెవులూ ఆ వైరే. అది ఏం చెప్తే పెట్టెకి అదే నిజం.

మీకు తెలిసిందే, మీరే అమ్మారు. కానీ వినండి. నేను చెప్పేది అర్థం కావాలంటే ఇది వినాలి.

పాత పెట్టెలు మీరు చూళ్లేదు. నాలుగు కంపెనీలవి ఉండేవి. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి, ఒకదానికి రంగు వెలిసిపోయి తుప్పు. చూడటానికి అడ్డదిడ్డంగా ఉండేవి, ఒప్పుకుంటాను. కానీ ఆ నలుగురూ ఒకే కట్టుబాటు మీద చేశారు. ప్లగ్గు ఇంత లావుండాలి, లోపల పుల్లలు ఇన్నుండాలి, ఇంత వేడికి వైరు ఇంత చెప్పాలి. అది రహస్యం కాదు. నాలుగు పేజీల పుస్తకం అచ్చువేసి, అడిగినవాడికల్లా ఇచ్చేవారు. నా గదిలో అల్మారా తలుపుకి లోపలి వైపు అతికించుకున్నాను.

ఒకడి వైరు ఇంకొకడి పెట్టెకి గుచ్చితే శుభ్రంగా మాట్లాడేది. వెనక వీధిలో రేడియోలు బాగుచేసే ఆయన కూడా ఆ పేజీలు చూసి నాకు వైర్లు చేసిచ్చాడు. నది అవతలి ఆసుపత్రివాళ్లకి తక్కువైతే మేం ఇచ్చేవాళ్లం, మాకు తక్కువైతే వాళ్లు పంపేవాళ్లు. మధ్యలో ఒక కంపెనీ మూతబడింది కూడా. మూతబడిందని మాకు రెండేళ్ల తర్వాత తెలిసింది! దాని పెట్టెలు మాత్రం ఒక్క రోజు ఆగలేదు. పక్కవాళ్ల భాగాలతో నడుస్తూనే ఉన్నాయి.

అవి నడిచినన్నాళ్లూ అదంతా నా గొప్పే అనుకున్నాను. నా చేతి మహత్యం అని. ఆ నాలుగు పేజీల మహత్యం అని తెలియడానికి మీ పెట్టెలు రావాల్సొచ్చింది.

మొహం అలా పెట్టకండి. మిమ్మల్ని అనడం లేదు. అంటే... కొంచెం అంటున్నాను.

కొనుగోలు కమిటీ రోజు గుర్తుందా? మీరు బయట ఇదే బల్ల మీద కూర్చున్నారు, టై కట్టుకుని, మోకాలు ఆడిస్తూ. లోపల పెద్ద డాక్టరు, ఆఫీసు గుమాస్తా, చిన్న డాక్టరమ్మ, నేను. చిన్న డాక్టరమ్మంటే ఈ పసిపిల్లల వార్డు చూసే ఆవిడే. నా అల్మారా తలుపు మీది ఆ నాలుగు పేజీలూ జిరాక్సు తీయించి అందరి ముందూ పెట్టింది.

"బాబాయ్, నీకు నేను చెప్పాలా?" అంది. "కట్టుబాటు అందరికీ తెలిసి ఉంటే ఎవరి దగ్గరైనా కొనుక్కోవచ్చు, ఎవరి చేతైనా బాగుచేయించుకోవచ్చు. రేపు ఇంకెవరైనా మంచి స్క్రీను చేస్తే అదొక్కటే మార్చుకుంటాం, పెట్టె మొత్తం పారెయ్యక్కర్లేదు. ఎక్కడైనా తప్పుంటే పదిమంది కళ్లలో పడుతుంది. మూసేసిన పెట్టె కొంటే ఏముంది? వాళ్లు ఇచ్చినప్పుడు, ఇచ్చినంత. నువ్వు చెప్పు వీళ్లకి."

నన్ను నమ్మింది ఆవిడ. అందరూ నా వైపు తిరిగారు. పెద్ద డాక్టరుకి మిషన్ల గొడవ తెలీదు. "ఆకురాయి ఏమంటే అది" అన్నారు. ఆకురాయంటే నేనే. ఏ భాగం పట్టకపోయినా కాస్త అరగదీసి పట్టించేస్తానని సిస్టర్లు పెట్టిన పేరు.

నేను గొంతు సవరించుకుని ఏమన్నాను? "పది రకాలుంటే పది తలనొప్పులండీ. ఒకే కంపెనీ అయితే ఒకే ఫోను, ఒకే బాధ్యత. ఏదన్నా తేడా వస్తే నేనున్నాను కదా" అన్నాను.

ఆ మాటలెవరివి? మా ఇంట్లో భోజనం చేస్తూ మీరన్నవి. పొల్లుపోకుండా అప్పజెప్పాను. మీ పెళ్లయి ఏడాది కాలేదు. ఏడాది తిరిగేలోగా పన్నెండు పెట్టెలు ఎక్కడో ఒకచోట అమ్మకపోతే ఉద్యోగం ఖాయం కాదన్నారు. మా అమ్మాయి వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి పట్టుకుంది, అంతే. సంతకం పెట్టేశాను.

చిన్న డాక్టరమ్మ కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నన్ను బాబాయ్ అని పిలవడం మానేసింది. "మెకానిక్‌గారూ" అంటుంది. ఎంత మర్యాదో!

పెట్టెలొచ్చాయి. బ్రహ్మాండంగా ఉన్నాయి, కాదనను. వేలు ఆనిస్తే వెలిగే స్క్రీను, పన్నెండూ ఒకే ఎత్తు, ఒకే తెలుపు. పాతవాటిని లారీ ఎక్కించేశారు. పాత వైర్లు మాత్రం ఒక డబ్బాలో వేసి దాచుకున్నాను. అలవాటు, ఏం చెయ్యను?

ఆ తర్వాత మీ ప్లగ్గు తిప్పి చూశాను. ఎడమ పక్కన సన్నటి గుబ్బ. పెట్టె కన్నంలో ఆ గుబ్బకి తగ్గ గాడి. ఇంకెవరి ప్లగ్గూ దూరకుండా. సరే, ఈ వైరు ఎంత వేడికి ఎంత చెప్తుందో ఆ కాగితం ఏదండీ అని మిమ్మల్నే అడిగాను. "అది కంపెనీ గుట్టు మామయ్యగారూ, నాక్కూడా ఇవ్వరు" అన్నారు. మీక్కూడా ఇవ్వరు! అమ్మేవాడికి తెలీదు, కొన్నవాడికి తెలీదు, బాగుచేసేవాడికి తెలీదు. అందులో పడుకునేది మాత్రం కిలోన్నర పిల్లలు.

ఒకరోజు పొద్దున్నే పన్నెండు స్క్రీన్లూ ఒకేసారి "కంపెనీ అనుమతి కావాలి" అని అడిగాయి, గుర్తుందా? మీటలేవీ పనిచెయ్యలేదు. మధ్యాహ్నం దాకా పిల్లల్ని తల్లుల గుండెల మీద పడుకోబెట్టి దుప్పట్లు కప్పి కూర్చున్నాం. మీ కంపెనీ ఎక్కడో ఏదో నొక్కితే అప్పుడు వెలిగాయి. ఆ రోజే తెలిసింది, తాళంచెవి మన దగ్గర లేదని. అయినా ఎవరితోనూ అనలేదు. సంతకం నాది కదా!

ఇక వైర్లంటారా, తెగుతాయి. పొద్దస్తమానం కడగడం, తుడవడం, చుట్టడం. ఏడాదిలో ఏడు తెగాయి. అదనంగా ఇచ్చిన రెండూ వాడేశాం. నాలుగింటికి అతుకులేసి నడిపించాను. ఏడో నంబరు పెట్టెకి మాత్రం ఏమీ మిగల్లేదు. మూత వేసి పక్కన పెట్టేశాం.

అదిగో అప్పుడొచ్చిందండీ ఒక బిడ్డ. పొద్దున పదింటికి. నా అరచేతిలో సరిపోయేంత. పదకొండు పెట్టెలూ నిండి ఉన్నాయి. సిస్టర్ ఏడుపు మొహంతో పరిగెత్తుకొచ్చి, "బాబాయ్, ఏదో ఒకటి చెయ్యి, ఏదో ఒకటి" అంది.

ఏం చేశానంటారా? నా పేరేంటి?

డబ్బాలోంచి పాత వైరొకటి తీశాను. దాని ప్లగ్గుకి గుబ్బ పై వైపు ఉంటుంది, అందుకని మీ కన్నంలో పట్టదు. ఆకురాయితో నాలుగు తోపులు తోశాను. గుబ్బ పోయింది. ప్లగ్గు సాఫీగా దిగింది. స్క్రీను వెలిగింది. సిస్టర్ చప్పట్లు కొట్టింది.

కానీ వైరు చెప్పేదొకటి, పెట్టె వినేదొకటి! బిడ్డ చంకలో గాజు థర్మామీటరు పెడితే ముప్పై ఆరున్నర. మీ స్క్రీను మీద ముప్పై అయిదు. గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి, వైరు ముంచి, అరగంట కూర్చుని చూశాను. ఎప్పుడు చూసినా ఒకటిన్నర డిగ్రీ తక్కువే. అంటే ఏంటి? బిడ్డ సరిగ్గా ఉన్నా పెట్టెకి చల్లగా ఉన్నట్టు వినపడుతుంది. అది నమ్మి ఇంకా ఇంకా వేడి చేస్తుంది.

అయితే ఏముందిలే అనుకున్నాను. తేడా ఎంతో తెలిసిపోయిందిగా! ముప్పై ఆరున్నర కావాలంటే ఈ పెట్టెని ముప్పై అయిదు దగ్గర పెడితే సరి. అలాగే పెట్టాను. తెల్ల ప్లాస్టరు ముక్క మీద పెన్నుతో "ఒకటిన్నర తగ్గించి పెట్టండి" అని రాసి, ఏడో పెట్టె నుదుటి మీద అంటించాను.

బిడ్డ బతికింది అల్లుడుగారూ. నెలన్నరకి బుగ్గలొచ్చి ఇంటికెళ్లింది. సిస్టర్లు నన్ను ఆకాశానికెత్తేశారు. నేనూ ఎక్కి కూర్చున్నాను. ఆ బిడ్డ తర్వాత ఇంకో నలుగురు పడుకుని లేచారు ఏడో పెట్టెలో. ఆ ప్లాస్టరు అంటించి అయిదు నెలలు.

ఇందులో తప్పెక్కడుందో కనిపెట్టండి చూద్దాం. చదువుకున్నవారు కదా.

తేడా ఉన్నది వైరులో. ప్లాస్టరు అంటించింది పెట్టెకి.

ఆఁ. ఇప్పుడు మీ మొహం మారింది. వైరు ఊడదీస్తే ఎక్కడికైనా పోతుంది, ప్లాస్టరు పెట్టె మీదే ఉండిపోతుంది. ఇంత చిన్న ముక్క నా బుర్రకి తట్టలేదు చూశారా! ఆ రోజు పరిగెత్తుకొచ్చిన పాత సిస్టర్‌కి సంగతి తెలుసు కాబట్టి ఏడో వైరుని ఏడో పెట్టె దాటనివ్వలేదు. ఆవిడకి తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలీదు. డాక్టరమ్మ ప్లాస్టరు చూసి అడిగితే పెట్టె కొలతే అంత అన్నాను. రిజిస్టర్లో రాయలేదు. రాస్తే అడుగుతారుగా, ఇదేం వైరు, కంపెనీది ఏమైంది, ఈ పెట్టెలు కొనమన్నది ఎవరు అని. తెరిచి పెడితే ఎవడు పడితే వాడు చెయ్యి పెడతాడని మీరనేవారు. మూసి పెట్టారు. ఎవరూ చూడకుండా నేను పెట్టాను చెయ్యి.

పాత సిస్టర్ మొన్న సోమవారం సెలవు మీద వెళ్లింది, వాళ్లమ్మకి బాగాలేదని. ఆవిడ స్థానంలో కొత్తావిడొచ్చింది. మహా శుభ్రం మనిషి. ఈ పొద్దున పిల్లల్ని కాసేపు తల్లుల దగ్గర పడుకోబెట్టించి, పన్నెండు వైర్లూ ఊడదీయించి, ఒకే ట్రేలో మందునీళ్లలో వేయించింది. తుడిచి మళ్లీ పన్నెండూ గుచ్చించింది. ఏది దేనిదని ఎందుకు చూస్తుంది పాపం? అన్నీ బూడిదరంగువే, అన్నీ ఒకే పొడుగు. ప్లగ్గు చేతిలోకి తీసుకుని వేలితో తడిమితే తప్ప తెలీదు.

పదకొండున్నరకి వచ్చాను నేను. ఖాళీ ట్రే చూశాను. వైర్లన్నీ కలిసిపోయాయని అర్థమైంది.

కాస్త మెల్లగా మాట్లాడండి. ఎదుటి బల్ల మీద ఆ అమ్మాయుంది కదా, నాలుగో నంబరు బాబు తల్లి. ఇందాకే పాలు పిండి సిస్టర్‌కి ఇచ్చొచ్చి కూర్చుంది. మన వైపే చూస్తోంది. నవ్వుతోంది. మీరూ కాస్త నవ్వండి.

ఎక్కడున్నాను? ఆఁ, ట్రే. లోపలికెళ్లాను. నన్నెవరూ ఆపరు. చేతిలో స్క్రూడ్రైవరుంటే చాలు, పని మీద వచ్చాననుకుంటారు. ముందెక్కడికెళ్తాను చెప్పండి? మన పాప దగ్గరికే. పెట్టెకున్న పక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి వీపు ముట్టుకున్నాను.

కాలిపోతోంది.

స్క్రీను మీద ముప్పై ఆరున్నర. ఆకుపచ్చ దీపం. ఏ గంటా మోగట్లేదు. పెట్టె లెక్కలో అంతా సవ్యంగా ఉంది. పాప మాత్రం ఎర్రగా కందిపోయి, నోరు తెరుచుకుని ఆయాసపడుతోంది. వెనక్కెళ్లి ప్లగ్గు ఊడదీసి తడిమాను. నున్నగా తగిలింది. నా ఆకురాయి తోపులు నా వేలికి తెలీవా?

లేవకండి! చెప్పానుగా, ఇప్పుడు బాగుందని. ఆ వైరు తీసేశాను. మంచి వైరు పెట్టాను. పావుగంటలో వేడి దిగింది, దగ్గరుండి చూశాను. కూర్చోండి. ఆ అమ్మాయి చూస్తోందండీ, కూర్చోండి.

మంచి వైరు ఎక్కణ్ణించి వచ్చిందా? అదీ చెప్తాను. ముందు మీ బ్యాగు తెరవండి.

ఉంది, నాకు తెలుసు. ఎల్లుండి ఇంకో ఆసుపత్రిలో చూపించడానికి నమూనా సామాను తెచ్చుకున్నారని అమ్మాయి చెప్పింది. అందులో వైరుంటుంది. సీలుంటే చించెయ్యండి. నమూనా పోయిందని నాలుగు చివాట్లు తింటారు, అంతేగా! అదొక్కటి నా చేతిలో పెడితే రెండు నిమిషాల్లో లోపల అంతా సర్దేసి వస్తాను. మీ పేరు రాదు, నా పేరు రాదు, ఎవరికీ తెలీదు. ఇందాకణ్ణించి ఈ ఒక్క మాట అడగడానికే ఇంత డొంకతిరుగుడు. మీరేమో రాగానే "మా కంపెనీ వైరే వాడాలి" అని మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండింది.

తియ్యండి. ఆ కవరే. హమ్మయ్య, ఇలా ఇవ్వండి.

ఇదేంటి?

ఇదేంటండీ, గుబ్బ కుడి పక్కనుంది?

కొత్త మోడలా. మాది పాతదా! రెండేళ్లకే పాతదైపోయిందా? అంటే మీ కంపెనీ వైరు మీ కంపెనీ పెట్టెకే పట్టదు. బాగుంది. చాలా బాగుంది. ఆ చిన్న డాక్టరమ్మ వింటే ఏమంటుందో! ఏమీ అనదు లెండి. "అలాగా మెకానిక్‌గారూ" అంటుంది.

నా జేబు వైపు చూడకండి. తెలుసు, ఆకురాయి అక్కడే ఉంది. నాలుగు తోపులు తోస్తే ఇదీ దూరుతుంది. దూర్చడం నాకు చేతకాదనా? దూరాక ఇది ఏం చెప్తుంది, పెట్టె ఏం వింటుంది? ఒకటిన్నర ఎక్కువా, రెండు తక్కువా? మీకు తెలుసా? చెప్పండి, మీ సరుకే కదా! తెలీదు. ఆ కాగితం మీక్కూడా ఇవ్వలేదు. తెలుసుకోవాలంటే గిన్నెలో నీళ్లు పోసుకుని అరగంట కూర్చోవాలి. అరగంట ఎక్కడుంది?

పన్నెండూ ముప్పై అయిదు.

ఇక మీరూ గీరూ వద్దు బాబూ. నా కొడుకులాంటివాడివి. నా మొహం చూడకు. నేల చూస్తూ విను.

ఆ మంచి వైరు నాలుగో పెట్టెది. పక్కనే ఉంది, చెయ్యి చాపితే అందింది. దాని వైరు తీసి మన పాపకి పెట్టాను. మన పాప దగ్గరున్నది తీసి దానికి పెట్టాను.

ఏడో పెట్టెకే తీసుకెళ్దామనుకున్నాను, ఒట్టు. అక్కడైతే ప్లాస్టరుంది, లెక్క సరిపోయేది. కానీ ఏడోది లోపలి గదిలో ఉంది. డాక్టరమ్మ తలుపేసుకుని ఆ బిడ్డని చూస్తోంది. తలుపు తీసేదాకా అయిదు నిమిషాలే కదా, అంతదాకా నాలుగోదానిలో ఉంటే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ అయిదు నిమిషాలు ఎంతయ్యాయో చూడు. తలుపు ఇంకా తియ్యలేదు.

ఎందుకు తియ్యలేదో ఆలోచించావా? నేను ఆలోచించాను. ఆ గదిలో బిడ్డకి ఈ పొద్దున మంచి వైరు పడింది. పెట్టె నెత్తిన మాత్రం నా ప్లాస్టరుంది. కొత్త సిస్టర్ అది చదివి ఒకటిన్నర తగ్గించే పెట్టి ఉంటుంది. అంటే ఆ బిడ్డ పొద్దుణ్ణించి చల్లబడుతోంది. ఎందుకు చల్లబడుతోందో తెలీక డాక్టరమ్మ లోపల తల పట్టుకుని ఉంటుంది. స్క్రీను మీద ముప్పై అయిదుంటే అసలు ముప్పై ఆరున్నరని ప్లాస్టరు చెప్తోందిగా మరి!

వెళ్లి చెప్పొచ్చు కదా అంటావు. చెప్పొచ్చు. చెప్తే ఎంతసేపు? వైర్లన్నీ పీకేసి, పిల్లల్ని తల్లుల గుండెల మీద పడుకోబెట్టి, గాజు థర్మామీటరుతో చూసుకుంటుంది ఆవిడ. రెండు నిమిషాల పని. నాకు ఇంకో పద్నాలుగు నెలల సర్వీసుంది, నీ ఉద్యోగముంది, పైన అమ్మాయుంది అని ఏవేవో చెప్పుకున్నాను మనసులో. అవన్నీ సాకులు. భయమేసింది బాబూ. ఆవిడ ముందు నిలబడి, నువ్వు చెప్పిందే నిజమమ్మా అనడానికి సిగ్గేసింది. దానికోసం ఇక్కడ కూర్చుని నీతో ఇంతసేపు కబుర్లు చెప్తున్నాను.

ఇంకొకటుంది. అదీ విను. మన పాప ఒళ్లు మూడుసార్లు ముట్టుకుని చూశాను, వేడి దిగిందా లేదా అని. నాలుగో పెట్టెలో చెయ్యి పెట్టలేదు. ఆ బాబు నా మోచేతి పక్కనే ఉన్నాడు. ముట్టుకుంటే తెలిసిపోతుందని ముట్టుకోలేదు.

ఆ తలుపు చప్పుడేంటి? సిస్టరా? ఎవర్ని పిలుస్తోంది?

నాలుగో నంబరు తల్లినా...

పాలకేమోలే. కాదు, పాలు ఇందాకేగా ఇచ్చొచ్చింది. అంత గట్టిగా ఎందుకు పిలుస్తోంది? చెయ్యి వదులు బాబూ. వదలమన్నానా! నీ పేరు చెప్పనులే, వదులు.

అమ్మా! ఆగమ్మా, ఒక్క నిమిషం. నన్ను ముందు వెళ్లనివ్వు. సిస్టర్, నాలుగో పెట్టె వైరు పీకెయ్యండి. అడక్కండి, ముందు పీకండి. ఆ లోపలి గది తలుపు కొట్టి డాక్టరమ్మని పిలవండి, ఏడోదీ చూడమనండి. స్క్రీను చూడకండి, ఒళ్లు ముట్టుకోండి!

నేనా? నేనిక్కడ మిషన్లు బాగుచేసేవాణ్నమ్మా. నీ బాబు పెట్టెకి ఆ వైరు పెట్టింది నేను. తెలిసే పెట్టాను.